మీటరు గోడ మారిన రోజు

ఆ శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఆళ్లగడ్డలో మా ఇంటి దగ్గర ఉన్నవాళ్లు: మా అమ్మ, మంచం మీద మామ, లైన్‌మన్ అన్న, వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్న పక్కింటి పెద్దమ్మ, నేను. ఉన్న వస్తువులు: కొత్త చెక్క బోర్డు ఒకటి, పైపు పదడుగులు, సర్వీసు వైరు ఒక చుట్ట, నిచ్చెన, గాలి పరుపు, దాని పంపు, పాత ఇన్వర్టరు, నిమిషాలు రాసుకున్న కాగితం ఒకటి. లేనిది మా నాయన. ఉయ్యాలవాడ బడిలో ఆయనకు ఆరోజు పరీక్షల డ్యూటీ పడింది.

మామ మా అమ్మకు సొంత తమ్ముడు. ఆళ్లగడ్డ నుంచి అహోబిలానికి యాత్రికులను జీపులో తిప్పేవాడు. ఏడాది కిందట ఒక మలుపులో జీపు పల్టీ కొట్టి నడుము విరిగింది. నడుము కింద స్పర్శ లేదు. పెళ్లి చేసుకోలేదు కాబట్టి ఆస్పత్రి నుంచి నేరుగా మా ఇంటికే తెచ్చుకున్నాం. వచ్చిన మూడో వారానికి వీపు అడుగున, తోక ఎముక మీద పుండు పడింది. ఐదు నెలలు అమ్మ రోజూ కడిగి కట్టు కట్టింది. అది పూర్తిగా మూసుకుని ఆ శుక్రవారానికి ఇరవై రెండు రోజులు.

నంద్యాల డాక్టరు అమ్మతో చెప్పింది నేను విన్నాను. "కొత్త చర్మం ఉల్లిపొర మాదిరి ఉంటుందమ్మా. గట్టి చోట గంట పడుకోబెడితే మళ్లా తెరుచుకుంటుంది. ఈసారి తెరుచుకుంటే ఆపరేషనే. ఇంత తక్కువ రక్తంతో ఆపరేషన్ తట్టుకుంటాడని నేను మాటివ్వలేను." ఎడమ తుంటిలో రాడ్డు ఉంది, అటు తిప్పకూడదు. కుడివైపు తిప్పితే పావుగంటకే ఊపిరి ఎగపోస్తుంది. మిగిలింది వెల్లకిల, గాలి పరుపు మీద.

ఆ పరుపులో గొట్టాలు అడ్డంగా వరసలుగా ఉంటాయి. పంపు నుంచి రెండు సన్నని పైపులు వస్తాయి. ఒక పైపు సరి గొట్టాలకు, ఇంకొకటి బేసి గొట్టాలకు. పది నిమిషాలు ఒక వరస ఉబ్బుతుంది, ఇంకో వరస మెత్తబడుతుంది. తర్వాత తారుమారు. అలా బరువు ఒకే చోట పడకుండా మారుతూ ఉంటుంది. పంపు ఆగితే పరుపు పదిహేను ఇరవై నిమిషాలకు చదునవుతుంది. మాది పాత పరుపు, అతుకులు నాలుగు.

ఇదంతా ఒక మీటరు వల్ల చెప్పాల్సి వస్తోంది.

మా వీధిలో రోడ్డు వెడల్పు చేస్తున్నారు. ఎర్ర రంగు గీత మా వరండాలోకి నాలుగడుగుల రెండంగుళాలు వచ్చింది. మీటరు ఉన్నది ఆ వరండా గోడకే. గోడ కొట్టేది శనివారం. అంతకు ముందే మీటరు సందువైపు గోడకు మారాలి. లేకపోతే సర్వీసు తీసేసి పోతారు, మళ్లీ ఇచ్చే రోజు ఎప్పుడో మన చేతిలో ఉండదు.

నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివాను. నంద్యాలలో ఒక విత్తనాల ప్లాంటులో మెయింటెనెన్స్ చూస్తాను. నాలుగు మరలు విప్పి, మీటరు ఎత్తి, సందువైపు బిగించడం నాకు అరగంట పని. కానీ మీటరు మనది కాదు. దానికి వేసిన సీలు మనది కాదు. మనం ఒక అడుగు జరిపినా అది కరెంటు దొంగతనం కిందికి రావచ్చు. కరెంటాఫీసుకు మూడుసార్లు పోయి తెలుసుకున్నవి రాసుకున్నాను. సర్వీసు ఎవరి పేరున ఉందో వాళ్లే దరఖాస్తు పెట్టాలి. మాది అమ్మ పేరున ఉంది. పాత బిల్లు బాకీ ఉండకూడదు. కొత్త చోటు అదే ఇంటి నంబరులో ఉండాలి, వేరే స్థలానికైతే అది మార్పు కాదు, కొత్త కనెక్షను. మీటరు బయటివైపు, నిలబడ్డ మనిషి కంటికి ఎదురుగా ఉండాలి, రీడింగుకు వచ్చినవాడు తలుపు తట్టకుండా చూసుకోగలగాలి. బోర్డు, పైపు, ఎర్త్ వైరు మనం కొనాలి. స్తంభం నుంచి దూరం పెరిగితే ఆ వైరు, కూలి కలిపి ఎస్టిమేటు వేస్తారు. మాకు పదిహేడు వందల ఎనభై వేశారు. కట్టిన రసీదు చూపిస్తే వరస ప్రకారం వస్తారు.

అంతవరకు నాకు హాయిగా ఉండింది. రూలు ఉన్న పనికి నేను భయపడను. భయం గురువారం సాయంత్రం లైన్‌మన్ అన్న చోటు చూడడానికి వచ్చినప్పుడు మొదలైంది.

"పది నిమిషాల పని తమ్ముడూ," అన్నాడు స్తంభం వైపు చూసి. "పైకి పోతా, పాత వైరు ఇప్పుతా, కొత్త వైరు పెడతా. అంతలోపల పక్కింటి నుంచి ఒక వైరు లాక్కోండి, మీ మామ పంపు తిరుగుతాంటాది. ఎవురికీ తెలీదు."

"ఎల్సీ తీసుకోవా అన్నా?" అన్నాను.

ఎల్సీ అంటే లైన్ క్లియర్. పైకెక్కే ముందు సబ్‌స్టేషనుకు చెప్పి ఆ లైనుకు కరెంటు ఆపించి, నంబరు రాసుకుని ఎక్కడం. దిగినాక చెప్పి తిరిగి వదిలించడం.

"ఒక్క ఇంటి వైరుకు ఎల్సీ యాడన్నా ఉండాదా? చేతికి గ్లౌజు ఉండాది, కాలికి చెప్పు ఉండాది. రెండు నిమిషాలు."

ఆ మాట నేను ప్లాంటులో విన్నాను. రెండు నిమిషాలే అని ఒకాయన మెయిన్ ఆపకుండా ప్యానెల్‌లో చెయ్యి పెట్టాడు. రెండు వేళ్లు పోయాయి. ప్రమాదం ఫారం నేనే నింపాను. అందులో 'సరఫరా ఆపారా' అనే గడిలో 'లేదు' అని నా చేతిరాతే ఉంది.

"ఎల్సీ తీసుకుంటేనే చేద్దాం," అన్నాను.

లైన్‌మన్ అన్న అమ్మ వైపు తిరిగాడు. "ఏందక్కా, మీ పిల్లోడు పెద్ద ఇంజినీరు మాదిరి మాట్లాడతాండాడు. మీకు ప్రభువు ఉండాడు గదా, సబ్‌స్టేషను పర్మిషను దేనికి?"

"ఆయన పైనుండాడప్పా," అంది అమ్మ, బియ్యంలో రాళ్లు ఏరుతూనే. "స్తంభం మీద లేడు."

చిక్కు ఎక్కడ ఉందో నాకు అప్పుడే తెలుసు. ఎల్సీ తీసుకుంటే మా వీధి మొత్తానికి కరెంటు పోతుంది. పక్కింటి వైరు పనికిరాదు. అంటే లైన్‌మన్ ప్రాణానికి నేను అడిగిన జాగ్రత్త నేరుగా మామ వీపు మీద పడుతుంది. ఆ రాత్రి భోజనానికి ముందు దారులన్నీ రాశాను. కొత్త బ్యాటరీ: నంద్యాల షాపులో చెప్పి ఉంచాను, సోమవారం గానీ రాదు. జనరేటరు: టెంటు హౌసులు మూడు అడిగాను, అన్నీ పెళ్లిళ్లకు పోయాయి. మామను నంద్యాల ఆస్పత్రికి తీసుకుపోవడం: అంబులెన్సు స్ట్రెచరు మంచం కన్నా గట్టిది, దారి గంట పైనే. మిగిలింది ఇంట్లో ఇన్వర్టరు. ముసలి బ్యాటరీ, నేను పరీక్ష చేస్తే పంపును ఇరవై ఐదు నిమిషాలు తిప్పింది. దానికి పరుపు చదునయ్యే పదిహేను కలిపితే నలభై. పనికి నా లెక్క ముప్పై ఎనిమిది. రెండు నిమిషాలు మిగులు.

ఈ లెక్క మామకు చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"రెండు నిమిషాలు మిగిలినాయని సంబరపడతాండావా?"

"నువ్వు చెప్పు మామా. ఎల్సీ వద్దంటే వద్దు."

మామ కళ్లు తెరిచాడు. ఫ్యాను చప్పుడు, పంపు గురగుర. తర్వాత అన్నాడు: "తీసుకోనీ. ఈ వీధిలో విరిగిన నడుము ఒకటి చాలు."

శుక్రవారం పది గంటల ఐదు నిమిషాలకు కరెంటు పోయింది. లైన్‌మన్ అన్న ఫోనులో నంబరు రాసుకున్నాడు. నా తృప్తి కోసం టెస్టరు పెట్టి చూపించాడు, "చూసుకో సారూ, చచ్చింది" అని. ఇన్వర్టరు కిచకిచమని పంపును అందుకుంది. నేను లోపలికీ బయటికీ తిరిగాను. లోపల పంపు మీద చిన్న పచ్చ దీపం, బయట నిచ్చెన మీద మనిషి. ఆ రెండింటి మధ్య పదకొండు అడుగులు. ఎన్నిసార్లు తిరిగానో రాసుకోలేదు.

"నిలబడప్పా ఒక తావున," అంది పెద్దమ్మ. "నిన్ను చూస్తాంటే నాకు కండ్లు తిరుగుతాండాయి."

పాత బోర్డు మరల్లో ఒకటి తుప్పు పట్టి రాలేదు. దానికి తొమ్మిది నిమిషాలు పోయాయి. నా కాగితంలో మరలకు మూడు నిమిషాలే ఇచ్చాను. పది ముప్పై ఒకటికి ఇన్వర్టరు పొడుగ్గా కూసి ఆగిపోయింది. పంపు ఆగింది. ఆ గదిలో నెలల తరబడి ఆగని చప్పుడు ఆగితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

మెత్తదనం చూసే పద్ధతి డాక్టరమ్మే నేర్పింది. పరుపు కింద, తోక ఎముకకు సరిగ్గా అడుగున, అరచెయ్యి పైకి తిప్పి పెట్టాలి. వేళ్లు ఆడితే గాలి ఉన్నట్టు. ఎముక చేతికి తగిలితే లేనట్టు. అమ్మ చెయ్యి దూర్చింది.

"ఆడతాండాయి," అంది.

పది యాభై ఏడుకు పని అయిపోయింది. సందువైపు గోడకు, సరిగ్గా నా కంటి ఎత్తున, మీటరు కూర్చుంది. కొత్త సీలు వేశాడు. లైన్‌మన్ అన్న ఎల్సీ వెనక్కి ఇవ్వడానికి ఫోను చేశాడు. విన్నాడు. మళ్లీ విన్నాడు. ఫోను జేబులో పెట్టి గడ్డం గోక్కున్నాడు.

"ఏమైందన్నా?"

"మన ఎల్సీ ఇచ్చేసినా. మనకోసం లైను ఎటూ ఆపినారు గదా అని ఇంకొక గ్యాంగు కూడా ఎల్సీ తీసుకున్యారంట. రోడ్డు చివర స్తంభాలు జరుపుతాండారు. వాళ్లు కూడా దిగి, మాది అయిపోయిందని చెప్తేనే వదుల్తారు."

"ఎంతసేపు?"

"స్తంభం గుంతలో దించినారు, కాంక్రీటు పోస్తాండారు. గంట. గంటన్నర."

నిందించడానికి ఎవరూ లేరు. వాళ్లు కూడా నేను అడిగిన రూలునే పాటిస్తున్నారు. పైన మనుషులు ఉండగా లైను వదలమని నేను అడగలేను. లైన్‌మన్ అన్న కింద పడ్డ వైరు ముక్కలు ఏరుకోసాగాడు. నిన్న ఆయన మాట విని ఉంటే పంపు ఈపాటికి పక్కింటి వైరుతో తిరుగుతూ ఉండేది.

లోపల అమ్మ, "ఇంగ ఆడల్లేదు," అంది. మామూలు గొంతుతోనే. "ఎముక తగుల్తాండాది."

కుడివైపు తిప్పాం. తొమ్మిది నిమిషాలకు మామ పెదవులు నల్లబడ్డాయి. మళ్లీ వెల్లకిల. ముందురోజు అడిగిన టెంటు హౌసులకే మళ్లీ ఫోను చేశాను. మెయిన్ రోడ్డు మీద షాపు ఇన్వర్టరు బాడుగకు ఇస్తారా అని అడిగాను. కారు బ్యాటరీ తెచ్చి మా ఇన్వర్టరుకు కలిపితే ఎంతసేపు వస్తుందో గోడ మీదే లెక్క వేశాను. ఎటూ కొట్టేసే గోడే కదా. ఒక కాలు చెప్పులో, ఒక కాలు బయట, బండి తాళం వెతుకుతున్నాను.

"యాడికి ఉరుకుతాండావ్ లే?" అన్నాడు మామ.

"బ్యాటరీకి. కరెంటు ఎట్లన్నా తేవాల."

"కరెంటు దేనికి?"

కోపమొచ్చింది. "పంపు తిరగాల గదా మామా."

"పంపు ఏం చేస్తాది?"

"గాలి కొడతాది."

"గాలికి కరెంటెందుకు లే? నేను పద్దెనిమిదేండ్లు జీపు తోలినా. టైరుకు గాలి తగ్గితే స్తంభం తావకు పోయి నిలబడినానా? భాయ్‌ని పిల్చు."

నేను తలుపు దగ్గర అట్లాగే నిలబడ్డాను. మూడు టెంటు హౌసులు అడిగి, మూడు సార్లు కరెంటాఫీసుకు తిరిగి, ఆరు దారులు రాసి, ఒక్కదానిలోనూ నేను గాలి అనే మాట రాయలేదు. ప్రతి దారీ కరెంటు ఎక్కడ దొరుకుతుంది అనే మొదలైంది. చదువుకున్నది అదే కదా.

భాయ్ అంటే మా ఎదురుగా పంక్చరు షాపు నడిపే ఆయన. మామకు పాత దోస్తు. ఆయన కంప్రెసరు కూడా కరెంటుదే, అదీ ఆగి ఉంది. కానీ మూలలో కాలితో తొక్కే పంపు ఉంది. తెచ్చాడు. పరుపు పైపు లావు, పంపు మూతి సన్నం. సైకిల్ ట్యూబు ముక్క కోసి రెండింటికీ తొడిగి, పురికొసతో నాలుగు చుట్లు చుట్టాడు. ఇదంతా రెండు నిమిషాల లోపే. ఈసారి ఆ మాటకు నాకు అభ్యంతరం లేకపోయింది.

పద్ధతి నేను చెప్పాను. అంతవరకు నా చదువు పనికొచ్చింది. బేసి పైపు మడిచి పట్టుకుంటే ఆ వరస గాలి నిలుస్తుంది. సరి పైపులో కొట్టాలి. పది నిమిషాలకు సరిలో సగం వదిలి మడవాలి, బేసిలో కొట్టాలి. పెద్దమ్మ తన కుర్చీ లోపలికి తెచ్చుకుని మడిచిన పైపు పట్టుకుంది. అమ్మ చెయ్యి మామ నడుము కిందే ఉంది. ఎక్కువ కొడితే అతుకులు లేస్తాయి, తక్కువైతే ఎముక తగులుతుంది. మాకున్న గేజి ఆ అరచెయ్యి ఒక్కటే.

"నిదానం భాయ్," అన్నాడు మామ. "లారీ టైరు గాదు."

"లారీ అయితే గాలి కొడితే దుడ్లు ఇస్తాది. నువ్వు ఏమిస్తావ్?"

"తొక్కు తొక్కు. లేచి నడిసినప్పుడు ఇస్తా."

"అయితే ఉద్దర రాసుకుంటా," అన్నాడు భాయ్. ఇద్దరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు.

"ఆడతాండాయి," అంది కొంచెంసేపటికి. "చాలు. ఆపండి. ఇంగో పక్క."

భాయ్ మోకాలు పట్టేస్తే నేను తొక్కాను. నాకు పిక్క బిగిస్తే లైన్‌మన్ అన్న చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. "ఎల్సీ అడిగింది నువ్వు, తొక్కేది నేనా?" అంటూనే తొక్కాడు. పదేసి నిమిషాలకు నేను గడియారం చూసి "మార్చండి" అనేవాణ్ని. ఎవరు తొక్కినా లెక్క మాత్రం నేనే పెట్టాను, నోట్లోనే. లెక్క ఆపితే ఆ గదిలో నిలబడలేననిపించింది.

మధ్యలో మామ ఒక మాట అన్నాడు. సీలింగు వైపు చూస్తూ, ఎవరితోనూ కాకుండా. "ఇంతమంది కష్టపడతాండారు, నాకేమో ఏమీ తెలీడంల్యా. నొప్పి ఉండాదో లేదో మీరే చెప్పాల నాకు."

"లేదు," అంది అమ్మ వెంటనే.

పన్నెండు ముప్పై రెండుకు ఫ్యాను కదిలింది. పంపు మీద పచ్చ దీపం వెలిగింది. దాన్ని నమ్మక మేము ఇంకో నిమిషం తొక్కాం. భాయ్ పురికొస కోశాడు, పైపులు మళ్లీ కరెంటు పంపుకు నేనే తగిలించాను. లైన్‌మన్ అన్న సందులోకి పోయి మీటరు చూసి, రీడింగు కాగితం మీద అమ్మ సంతకం తీసుకున్నాడు. ఆమె కుడి చెయ్యి తిమ్మిరెక్కి పెన్ను పట్టలేకపోతే ఎడమ చేత్తో మణికట్టు పట్టుకుని సంతకం చేసింది.

పోతూ పోతూ ఆయన నాతో అన్నాడు: "తమ్ముడూ, రేపు ఇంకొక ఇంట్లో ఇదే పని ఉండాది. ఎల్సీ అడుగుతా." కొంచెం ఆగి, "ఇస్తే," అన్నాడు.

సాయంత్రం నాయన వచ్చాక ముగ్గురం కలిసి మామను కొద్దిగా పక్కకు ఒరిగించాం. అమ్మ టార్చి పట్టింది. నేను చూడలేక నాయన ముఖం చూశాను. ఆయన ముఖం ఏమీ చెప్పదు. అమ్మ వేలితో చర్మం నొక్కింది. తెల్లబడి, మళ్లీ మామూలు రంగుకు వచ్చింది. ఇంకోచోట నొక్కింది. అక్కడా వచ్చింది. చర్మం తెగలేదు. ఫోటో తీసి డాక్టరమ్మకు పంపితే రెండు రోజులు గమనించమని జవాబు వచ్చింది. గమనించాం. ఆ రెండు రోజులూ నేను నంద్యాలకు పోలేదు.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ చూసి, మూసుకునే ఉందని చెప్పింది. అప్పుడు కాగితం తీసి, ముప్పై ఎనిమిది నిమిషాలు అని రాసుకున్న చోట అసలు సంఖ్య వేశాను: నూట నలభై ఏడు. దాని కింద పంపు లెక్క కూడా రాశాను. ముగ్గురం కలిసి తొక్కినవి రెండు వేల నూట అరవై నాలుగు.